కోటు లోపలి కుట్టు

“దీనికి మెడనరం పట్టేసినట్టుంది, అందుకే కదలట్లేదు” అంది తల్లి, కుట్టుమిషన్ తొక్కడం ఆపి. కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని అప్పటికి గంట కూడా కాలేదు.

కంప్యూటర్ ఆటలంటే పరుగులూ కాల్పులూ ఉంటాయని తల్లి విన్నది. ఇందులో అవేవీ లేవు. ఓ గది, అందులో ఎవరో చంపేసిన పెద్దమనిషి, ఆయన సొరుగుల నిండా ఉత్తరాలు. కూతురు ఒక్కో ఉత్తరమే చదవడం, ఏదో రాసుకోవడం, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆ గదినే చూడటం. పంతొమ్మిది రోజులుగా ఇదే వరస. చంపిందెవరో తనే కనిపెట్టాలట. ఎవరైనా ముందే చెప్పేస్తే ఇన్నాళ్ళ శ్రమా మట్టిపాలేనట.

తల్లికి మాత్రం సోడాబుడ్డి కళ్ళద్దాలతో, వంగిపోయిన నడుంతో కూతురు అప్పుడే కనిపించేసింది. ఉండబట్టలేక తన తమ్ముడికి ఫోన్ చేసింది. సినిమా చివరి పది నిమిషాలు చూసి మొత్తం చూశాననే రకం అతను. చంపిందెవరో ఫోన్లో వెతికి వచ్చి చెప్పరా, పిల్ల లేచి నాలుగు మెతుకులు తింటుంది అని బతిమాలింది.

అతను వచ్చేదాకా కాలు నిలవక, వెళ్ళి కూతురి వెనక నిలబడింది. తెర మీద బీరువా తలుపు తీసి ఉంది. లోపల చనిపోయినాయన కోటు.

“జేబు కింద జానెడు మేర చూడవే” అంది తల్లి. “మిషన్ కుట్టు విప్పి ఎవరో చేత్తో వేశారు. దారం కూడా వేరే. కుట్లు అటు వాలాయంటే ఎడమచేతి వాటం మనిషి.”

కూతురు అక్కడ నొక్కింది. లోపలి గుడ్డ విడిపోయి ఓ తాళంచెవి రాలింది. కూతురు జరిగి, కుర్చీలో సగం జాగా ఇచ్చింది.

గంట తర్వాత తమ్ముడు రొప్పుతూ వచ్చాడు, చేతిలో ఫోన్.

“తెలిసిపోయింది అక్కా. రెండు నిమిషాల పని. చెప్పెయ్యనా?”

కూతురు రెండు చెవులూ మూసుకుని తల్లి వంక చూసింది. ఇతన్ని పిలిచిందెవరో అర్థమైపోయినట్టే ఉంది. తల్లి తెర మీంచి చూపు తిప్పలేదు. తమ్ముడు ఇంకోసారి అడిగాడు. కాసేపాగి భుజం తట్టి మరీ అడిగాడు. ఆమె పెదాల మధ్య సూది పెట్టుకున్నట్టు నోరు బిగించి, తెర మీద వంటమనిషి గరిటె ఏ చేత్తో పట్టుకుందో చూస్తోంది.

అతను విసిగి కుర్చీ లాక్కుంటుండగా అప్పుడు పలికింది.

“చెప్పావంటే నీ ప్యాంట్ల నడుం ఇక జన్మలో వదులు చెయ్యను. ఊరికే కూర్చో. ఇంకా రెండు సొరుగులున్నాయి.”