సోమయ్య పోసిన నీళ్లు

చేపలు పట్టేవాడి కొడుక్కి చేపలు పట్టే హక్కు ఇవ్వడానికి ఏడేళ్లు తిప్పారు మత్స్యకారుల సంఘం పెద్దలు. తండ్రి పోయిన నాటి నుంచీ ఆ కొడుకు పర్వతాలు బన్సీలాల్‌పేట్‌లో బస్సెక్కి, ఏ.ఎస్. రావు నగర్ దాటి, జంగమోని చెరువు దాకా వెళ్లడం, "వచ్చే ఏడు చూద్దాం తియ్" అనిపించుకుని తిరిగి రావడం. ఆ చెరువులో ఎవరు పట్టినా చేపలు సభ్యులందరివీ. కొత్తవాడు చేరితే పాతవాళ్ల వాటా తగ్గుతుంది. ఆ మాట ఎవరూ పైకి అనరు. పేరుకు పెద్దమనుషులు!

అలాంటిది, ఈసారి వానలు తగ్గగానే సంఘం పెద్ద సోమయ్యే కబురు పంపాడు, పరీక్షకు రమ్మని. ఈదాలి, వల విసరాలి, చిరిగిన వల అల్లాలి. గెలిస్తే సభ్యత్వం కార్డు.

మోండా మార్కెట్లో చేపలమ్మే తల్లి కమలాబాయికి ఆ పిలుపు రుచించలేదు. "ఇన్నేండ్లు గడప తొక్కనియ్యనోల్లు ఇయ్యాల పిలిచి పీటేస్తున్నరంటే ఏందో ఉన్నది. జెర పైలం బిడ్డా," అంది.

"కార్డుంటే నాకూ ఒక చెరువుంటదమ్మా. ఇంకెన్ని రోజులు ఒకరి చేపలకు పొలుసు గీకాలె?" అన్నాడు పర్వతాలు. ఇరవై రెండేళ్లవాడి ఆశకు అడ్డేముంది!

చెరువు దగ్గర గాలి ముక్కుల్లో మండింది. ఎగువన కొత్తగా మందుల ఫ్యాక్టరీ లేచిందని విన్నాడు. తొమ్మిదిమంది పెద్దలూ గట్టు మీదే ఎండలో నిలబడ్డారు. ఎప్పుడూ పంచె ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్లలో ఉండే మనుషులు, ఇవాళ అందరికీ నిండు ప్యాంట్లు! వింతగానే తోచింది గానీ, అడిగితే కార్డు చెయ్యిజారుతుందేమోనని నోరు మెదపలేదు.

తండ్రి నేర్పిన ఈతే, ఆ గట్టు నుంచి ఈ గట్టుకు ఈదాడు. నీళ్లు ఒంటికి జిగటగా తగిలాయి. వల విసిరాడు. చేపలు పైకి తేలి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, తప్పించుకునే ఓపిక కూడా లేదు వాటికి. ఒక్క విసురుకే వల నిండింది. గంగమ్మ తల్లి దయ అనుకున్నాడు పిచ్చివాడు. గట్టు మీద ఒక్కరూ శభాష్ అనలేదు. వల అల్లడం కూడా ఎవరూ సరిగా చూడలేదు.

ఇక మిగిలింది ఆనవాయితీ. సంఘం పెద్ద చెరువులోకి దిగి, దోసిట నీళ్లు పట్టి, ముందు తాను గుక్కెడు తాగి, మిగిలినవి కొత్తవాడి దోసిట్లో పోస్తాడు. ఆ నీళ్లు తాగినవాడు ఆ చెరువు మనిషి. తండ్రి తాగిన రోజు పర్వతాలుకు ఇంకా గుర్తుంది.

సోమయ్య చెరువులోకి దిగలేదు. చేతిసంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసి మూత తిప్పాడు.

పర్వతాలు సీసా వైపు చూశాడు. "గివి మన చెరువు నీళ్లు కావు గదా పెద్దయ్యా?"

"అన్నీ గంగమ్మే బిడ్డా. తాగు." సీసా వంచుతూ ముందుకు వంగాడు సోమయ్య. ప్యాంటు అంచు పైకి జరిగింది. చీలమండల చుట్టూ పచ్చి పుండ్లు.

చూశాడు పర్వతాలు. తాగకపోతే ఏడేళ్ల తిరుగుడూ గంగపాలు. కళ్లు మూసుకుని తాగేశాడు. కార్డు చేతికొచ్చింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ముద్రతో, తండ్రి నంబరుతో. ఏడుపు తన్నుకొచ్చింది. అప్పటికే పిక్కలు మండుతున్నాయి.

"రేపు పొద్దుగాల ఎవరెవరం దిగుతున్నం పెద్దయ్యా?"

తొమ్మిదిమందీ తలలు దించుకున్నారు.

"మేం దిగక మూడు నెలలాయె," అన్నాడు సోమయ్య. "నువ్వొక్కనివే దిగాలె బిడ్డా. వాటాలు మాత్రం ఎప్పటి లెక్కనే, అందరికీ."