ఆరుగురం, అంగుళంన్నర

మా అత్తగారికి ఇంట్లో అందరం పెట్టుకున్న పేరు ఎందుకమ్మ. ఆ పేరంటే ఆవిడకి కోపం లేదు, పైగా పిలిస్తే పలుకుతుంది. నలభై ఏళ్ళు కుట్టు మిషను తొక్కి ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి. చదివింది అయిదో తరగతి. కానీ ఆవిడ కళ్ళ ముందు ఏదీ ఊరికే జరగడానికి వీల్లేదు. తడిసిన గుడ్డ పొడిగుడ్డ కంటే ముదురుగా ఎందుకు కనపడుతుంది? సీసా నిండుతున్నకొద్దీ నీళ్ళ చప్పుడు సన్నబడుతుందెందుకు? చాపా, గచ్చూ ఒకే గదిలో ఉన్నాయి కదా, కాలు పెడితే గచ్చే ఎందుకు చల్లగా తగులుతుంది? ఫ్రిజ్ తలుపు మూసిన మరుక్షణం తీయబోతే అంత మొండికేస్తుందేం?

మా ఆవిడ "ఏమోనమ్మా" అని వంటింట్లోకి తప్పుకుంటుంది. నాకు ఆ వీలు లేదు. నేను లిఫ్ట్ మెకానిక్‌ని. తాళ్ళూ బరువులూ మోటార్లూ నా చేతిలో ఉంటాయి కాబట్టి లోకంలో కదిలే, కదలని వస్తువులన్నిటికీ నేనే జవాబుదారీనని ఆవిడ నమ్మకం. పొద్దున్నే షూ లేసు కట్టుకుంటుంటే మొదలుపెడుతుంది. నాకసలే నిలకడ తక్కువ. ఒకచోట పది నిమిషాలు కూర్చుంటే కాళ్ళు పీకుతాయి. రోజంతా నాలుగైదు భవనాల మధ్య పరిగెత్తి ఇంటికొచ్చేసరికి నా తల తినడానికి ఆవిడ సిద్ధంగా ఉండేది.

నేను బాగా జవాబు చెప్పింది ఒక్కసారే. "బాబూ, ఎవరూ లేని లిఫ్ట్‌కి బ్రేకు వదిలేస్తే ఎటు పోతుంది?" అని అడిగింది.

"పైకి పోతుంది అత్తయ్యా."

"కింద పడదూ?"

"పడదు. తాళ్ళకి ఆ కొసన ఇనుప దిమ్మలు వేలాడుతుంటాయి. కౌంటర్ వెయిట్ అంటాం. ఖాళీ క్యాబిన్ కంటే అవే బరువు. సగం మంది ఎక్కితే రెండూ సమానం అవుతాయి. అప్పుడు బ్రేకు వదిలినా ఎటూ కదలదు."

ఆవిడ రెండు రోజులు దాన్నే నెమరేసుకుంది. పక్కింటావిడకి కూడా చెప్పింది.

ఏడాది కిందట ఆవిడ మూత్రపిండాలు చేతులెత్తేశాయి. అప్పట్నుంచి మా ఇంట్లోనే ఉంటోంది. వారానికి మూడు రోజులు డయాలసిస్. ఆ సెంటరు ఒక ఆఫీసు భవనం నాలుగో అంతస్తులో ఉంది. ఆ భవనం లిఫ్ట్ చూసుకునేది నేనే. పొద్దున ఏడింటికి స్కూటర్ మీద తీసుకెళ్ళి దింపుతాను. ఒంటిగంటకి ఆవిడ కిందికొచ్చి గేటు పక్క బల్ల మీద కూర్చుంటుంది, వెళ్ళి తీసుకొస్తాను. ఆవిడ దగ్గర ఫోను లేదు. ఒక గుడ్డసంచీ, అందులో సెంటరు వాళ్ళిచ్చిన కార్డు, పాత అలవాటుకొద్దీ కొలత టేపు, అంతే.

నెలన్నర కిందట ఆ భవనం సెక్రటరీగారికి లిఫ్ట్ అందంగా ఉండాలన్న బుద్ధి పుట్టింది. క్యాబిన్ గచ్చుకి గ్రానైట్ వేయించాడు, వెనకవైపు నిలువెత్తు అద్దం పెట్టించాడు. క్యాబిన్ బరువు మారితే ఎదురుగా ఇనుప దిమ్మలు కూడా పెంచాలి. ఆ తర్వాత క్యాబిన్‌లో సగం బరువుకి ఇసక బస్తాలు పెట్టి, సరిగ్గా మధ్య అంతస్తులో ఆపి, బ్రేకుని చేత్తో వదిలి చూడాలి. కదలకుండా నిలబడితే సంతకం పెట్టాలి. ఆ రోజు బస్తాలు వేరే భవనంలో ఉన్నాయి. మా మేనేజరు ఫోన్ మీద ఫోను. నాకు కాళ్ళు నిలవడం లేదు. ఒక్కణ్ణే ఎక్కి మూడుసార్లు పైకీ కిందకీ తిరిగాను. లిఫ్ట్ వెన్నలా నడిచింది. అంత మెత్తగా అది ఎప్పుడూ నడవలేదు. ఇరవై ఏళ్ళ అనుభవం, నా పాదాలకి తెలియకుండా ఏ లిఫ్టూ తప్పు చేయలేదని నా పొగరు. పుస్తకంలో 'సగం బరువు పరీక్ష: సరిగా ఉంది' అని రాసి సంతకం గీకేశాను.

తర్వాతి వారం మా ఆవిడ పక్కింటికెళ్ళిన రాత్రి, భోజనాల దగ్గర అత్తగారు మొదలుపెట్టింది. "బాబూ, ఒక్కదాన్నే దిగితే మీ లిఫ్ట్ గుమ్మానికి సమానంగా ఆగుతోంది. నలుగురం దిగితే గుమ్మం దాటి కాస్త కిందికెళ్ళి ఆగుతోంది. కాలు తట్టుకుంది ఇవాళ. ఎందుకంటావు?"

ఆ రోజు నేను రెండు చోట్ల తిట్లు తిని వచ్చాను. ఒళ్ళు మండిపోయింది. "అత్తయ్యా, మీకు తోచక అడుగుతారు, నాకు తోచనంత పని ఉంది. ఇరవై ఏళ్ళుగా ఇదే చేస్తున్నాను. లిఫ్ట్ సంగతి నాకొదిలేయండి. ఈ ప్రశ్నలు ఇంక ఆపండి."

ఆవిడ కంచం వైపు చూస్తూ "సరే బాబూ" అంది.

నిజంగానే ఆపేసింది. మొదటి రెండు రోజులు హాయిగా అనిపించింది. మూడో రోజు షూ లేసు కట్టుకుంటూ ఆవిడ ఏమంటుందా అని తలెత్తి చూశాను. కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇల్లంతా ఏదో వస్తువు పారేసుకున్నట్టుంది. "అమ్మ ఏమీ అడగడం లేదేమండీ, ఒంట్లో ఎలా ఉందో" అని మా ఆవిడ బెంగపెట్టుకుంది. ఏమన్నానో నేను చెప్పలేదు. రెండు వారాలు అలాగే గడిచాయి. స్కూటర్ మీద వెనక కూర్చున్నా చప్పుడు చేసేది కాదు, నాకే లోపల ఏదో గీరుకుంటున్నట్టుండేది.

మొన్న మంగళవారం ఆవిడని దింపి ఊరి ఆ చివరనున్న పనికి వెళ్ళాను. పదకొండున్నర దాటాక టెస్టర్ కోసం పనిసంచీలో చెయ్యి పెడితే ఒక కార్డు తగిలింది. డయాలసిస్ వాళ్ళ పాత కార్డు. వెనకవైపు పెన్సిలుతో, గుడ్డ మీద కొలతలు రాసుకున్నట్టు చిన్న చిన్న అక్షరాలు.

'ఒక్కదాన్ని, సమానం. ముగ్గురం, అర అంగుళం. నలుగురం, ముప్పావు. ముగ్గురం, అర. ఆరుగురం, అంగుళంన్నర.' ఆ తర్వాతవన్నీ ఒకటే వరస: 'ఒక్కదాన్ని, సమానం. ఒక్కదాన్ని, సమానం.' కింద ఒక మూల 'ఎందుకు' అని రాసి, మళ్ళీ కొట్టేసింది.

నోటితో అడగొద్దన్నాను కాబట్టి రాసి నా సంచీలో వేసింది.

నేను నిలబడ్డచోటే నిలబడిపోయాను. ఒక్కదాన్నయితే సమానం. నేనూ ఒక్కణ్ణే కదా ఎక్కింది. ఆ రాయీ, అద్దం కలిపి రెండు వందల కిలోలకి తక్కువ ఉండవు. ఎదురుగా దిమ్మలు చాలినన్ని పెరగలేదన్నమాట, సగం మంది బరువు ఆ రాయే తూగుతోంది. దానికి నా ఒళ్ళు కలిసేసరికి ఇటూ అటూ సరితూగి, లిఫ్ట్ వెన్నలా నడిచింది. మేం మెకానిక్‌లం ఎప్పుడూ ఒంటరిగానే ఎక్కి చూస్తాం. ఆ లిఫ్ట్ ఒంటరివాణ్ణి మోసం చేయడానికే తయారైనట్టు తయారైంది. ఆరుగురు ఎక్కితే అంగుళంన్నర జారింది. అది పాత మోటారు, ఆపాల్సింది బ్రేకే. ఆ బ్రేకు లైనింగులు అరిగాయి, వచ్చే నెల మార్చాలని నేనే రాసి పెట్టాను. ఎనిమిది మంది ఎక్కితే? చక్రాల కుర్చీతో సహా ఎక్కితే?

పన్నెండున్నర నుంచి సెంటర్లో పొద్దుటివాళ్ళు దిగడం మొదలవుతుంది. వాళ్ళలో మా అత్తగారు ఒకరు.

వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను. "లిఫ్ట్ మెయిన్ స్విచ్ తీసెయ్, ఇప్పుడే."

"సెక్రటరీగారు చెప్పకుండా నేను ముట్టుకోను సార్. పోయినసారి మీరంటే ఆపాను, ఆయన నన్ను దులిపేశాడు."

సెక్రటరీకి చేశాను. అప్పటికే స్కూటర్ దగ్గరికి పరిగెడుతున్నాను.

"ఎందుకు ఆపడం?" అన్నాడాయన. "పరీక్ష చేసి సంతకం పెట్టారుగా?"

"చిన్న పని ఉందండీ, ఒక్క గంట..."

"అయితే సాయంత్రం చేసుకోండి. పేషెంట్లు దిగే వేళ. గొడవ చేస్తారు."

చెబితే లైసెన్సు పోతుంది, ఉద్యోగం పోతుంది. ఇరవై ఏళ్ళు నా పాదాల గురించి చెప్పుకున్న గొప్పలన్నీ పోతాయి. ఇంకేదైనా అబద్ధం దొరుకుతుందేమోనని నిజంగా వెతికాను, ఆ మాట దాచను. రెండు క్షణాలు వెతికాను. ఆ రెండు క్షణాలకే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"పరీక్ష చేయలేదండీ" అన్నాను.

"ఏమన్నారు?"

"చేయకుండానే సంతకం పెట్టాను. నిండుగా ఎక్కితే ఆగుతుందో లేదో నాకు తెలీదు. వెంటనే ఆపించండి."

"ఈ మాట రాసిస్తారా?"

"ఎక్కడ కావాలంటే అక్కడ రాసిస్తాను. ముందు ఆపించండి."

ఆయన ఫోను పెట్టేశాడు. ఆపించాడో, మా ఆఫీసుకి ఫోను చేస్తున్నాడో తెలీదు. వాచ్‌మన్ నంబరు ఎంగేజ్. సెంటరు నంబరు మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకి ముప్పావుగంట. ప్రతి సిగ్నల్ దగ్గరా కాలు నేల మీద ఆడిస్తూ ఆ కార్డులో అంకెలే చదువుకున్నాను. నలుగురికి ముప్పావు, ఆరుగురికి అంగుళంన్నర. జారుడు వరసగా పెరగడం లేదు, ఎగబాకుతోంది. అది ఆవిడ టేపుకి తెలిసింది, నా పాదాలకి తెలియలేదు.

భవనం ముందు స్కూటర్ పడేసి లోపలికి పరిగెత్తాను. లిఫ్ట్ దీపం ఆరిపోయి ఉంది. వాచ్‌మన్ చెమటలు తుడుచుకుంటున్నాడు.

"సెక్రటరీగారి ఫోను ఇప్పుడే వచ్చింది సార్. స్విచ్ తీసేటప్పటికి పైన తలుపు తెరిచి ఉంది. ఏడుగురు, ఒక చక్రాల కుర్చీ. ముందువాడు కాలు లోపల పెట్టబోతున్నాడట. నన్ను తిడుతున్నారు."

మెట్లెక్కి వెళ్ళాను. వరండాలో వాళ్ళంతా నిలబడి ఉన్నారు. నన్ను కూడా తిట్టారు, పడ్డాను. మా అత్తగారు వాళ్ళలో లేదు. నర్సు లోపలికి చూపించింది. "ఇవాళ ఆమె మిషను ఆలస్యమైంది సార్. లేకపోతే ఈ పాటికి తలుపు దగ్గరే ఉండేది."

"ఏ తలుపు?"

"లిఫ్ట్ తలుపు. రెండు వారాలుగా ఆమెదే ఆ డ్యూటీ. ముగ్గురి కంటే ఎక్కువ ఎక్కనివ్వదు. మా అల్లుడు చూసుకునే లిఫ్టు, నాకు తెలుసు అంటుంది. అందరూ దిగిపోయాక ఆఖరున ఒక్కతే దిగుతుంది. వీళ్ళంతా నవ్వుకుంటారు."

తిరిగి లిఫ్ట్ దగ్గరికి వచ్చాను.

సెంటరు వాళ్ళ దగ్గర మందునీళ్ళ డబ్బాలుంటాయి, ఒక్కోటి పది కిలోలు. సగం బరువుకి ఇరవై ఏడు డబ్బాలు లెక్కపెట్టి క్యాబిన్‌లో పేర్చాను. వాచ్‌మన్ ప్రతి అంతస్తులో తలుపు దగ్గర ఒకర్ని కాపలా పెట్టాడు. సెక్రటరీ కూడా వచ్చి నా వెనకే పైన మోటారు గదిలోకి ఎక్కాడు. క్యాబిన్‌ని మధ్య అంతస్తులో ఆపి, బ్రేకుని చేత్తో కొద్దిగా వదిలాను. కదలకూడని తాళ్ళ చక్రం తిరిగింది. క్యాబిన్ వైపు తాళ్ళు కిందికి పరిగెత్తాయి. బ్రేకు మళ్ళీ వేస్తే పట్టుకోవడానికి బాగా తటపటాయించింది. సెక్రటరీ ముఖం పాలిపోయింది. నేను పుస్తకం తీసి పాత సంతకం కింద 'ఆ రోజు ఈ పరీక్ష చేయలేదు' అని రాశాను. ఇవాళ చూసింది కూడా రాశాను.

పేషెంట్లని కుర్చీల్లో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించాం. మా అత్తగారు ఎప్పటిలాగే ఆఖరు. డయాలసిస్ అయ్యాక ఆవిడకి కళ్ళు తేలిపోతాయి, మాట సన్నబడుతుంది. ముందు వాచ్‌మన్, వెనక నేను, కుర్చీ పట్టుకుని మెట్టు మెట్టూ దిగాం. మూడో అంతస్తు మలుపులో ఊపిరి కోసం ఆగాం. నా చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"మీ కార్డు చూశానత్తయ్యా" అన్నాను. "మీరు చెప్పిందే నిజం. తప్పు నాదే. ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది."

ఆవిడ మెల్లగా "బాబూ, ఒకటి అడగనా?" అంది.

ఏడాదిలో ఆవిడ నన్ను అనుమతి అడగడం అదే మొదలు.

"అడగండి."

"బరువుకి కిందికి పోవాలనే ఉంటుంది కదా. మరి దించేవాళ్ళకి ఇంత చెమటెందుకు?"

వాచ్‌మన్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చేతులు మార్చుకుని కుర్చీని గట్టిగా పట్టుకున్నాను.

"వదిలేస్తే అదే పోతుంది అత్తయ్యా. వదలకుండా పట్టుకుంటున్నాం కదా, ఆ చెమట."

ఆవిడ ఆలోచించుకుంది. "అదీ నిజమే" అంది.

"ఇంకా మూడంతస్తులున్నాయి" అన్నాను. "ఇంకేమున్నాయో అడగండి."

గేటు దాకా ఆవిడ ఆపలేదు.