బేరమాడని హాజీ

హాజీ తవక్కుల్ వస్తువుకు వంక పెట్టకపోతే నాకు చెమటలు పడతాయి. పెషావర్ బజారులో పాత నాణేల దళారీగా నా జుట్టు నెరిసింది. కొనేవాడు ముందు మూతి విరవాలి, తరవాత తిట్టాలి, ఆపైన రుమాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెబుతూ రూపాయి రూపాయికీ ఏడవాలి. అదీ మర్యాద. కిందటేడు మర్దాన్ నుంచి వచ్చిన ఒకాయనకు హాజీ అడిగినంతా ఇస్తానన్నాడు. డబ్బు వేరేచోట ఉందని జీపెక్కించుకుని వెళ్లాడు. నెల తిరక్కుండా మొగుడి ఫోటో పట్టుకుని ఆయన భార్య బజారంతా తిరిగింది. హాజీ ఆమెకు ఖావా టీ పోయించి "పాపం" అన్నాడు. మేమందరం నోళ్లు కుట్టుకున్నాం. సిగ్గులేని బతుకు.

ఈ జరీఫ్ గుల్‌ను హాజీ కొట్టుకు తెచ్చింది నేనే. స్వాబీ వైపు పొగాకు రైతు. బావి తవ్వుతుంటే దొరికిన బంగారు నాణేన్ని తలపాగా కొసన ముడేసుకుని వచ్చాడు. ఏనుగు మీద కుషాణుల రాజు. అలాంటిది లోకంలో ఇంకొక్కటే ఉందని నాకు తెలుసు, హాజీకీ తెలుసు. కరిగిస్తే తులం బంగారం కూడా రాదు. రాజు ముఖం చెక్కుచెదరకుండా ఉంది, ధరంతా దానికే.

హాజీ రుమాలు పరిచాడో లేదో, "కోటి రూపాయలు, హాజీ సాబ్!" అని జరీఫ్ అరిచేశాడు.

"వేళ్లతో చెప్పవయ్యా, ఊరంతా వినాలా?" అని కసిరాను.

హాజీ రుమాలు మడిచేశాడు. "సరే. కోటి."

ఒక్క వంకా పెట్టలేదు.

"ఇది నీ దగ్గరుందని ఎవరెవరికి తెలుసు, ఖాన్?" అని జరీఫ్‌ను అడిగాడు.

"పిట్టక్కూడా తెలీదు. మా ఆవిడకీ చెప్పలేదు, దాని నోట్లో నువ్వుగింజ నానదు."

"తెలివైనవాడివి. అంత డబ్బు కొట్లో ఉండదు. మన జీపులో ఇటుక బట్టీ దాకా రా, అక్కడ లెక్కపెట్టుకుందువు గాని."

జరీఫ్ లేచాడు. కాలు తొక్కాను, కళ్లతో వద్దన్నాను. "ఏంటి లాలా, కమీషన్ కోసం తొందరా? ఇస్తాలే!" అని నవ్వాడు. గుమ్మానికి అడ్డంగా హాజీ మనుషులు నిలబడి ఉన్నారు. నోరు విప్పితే ఇద్దరం జీపెక్కాల్సిందే.

"బంగారం ఒకసారి చూస్తా" అని నాణెం అందుకున్నాను. బల్ల మీది ఆకురాయి తీసి రాజు ముఖాన్ని బలంకొద్దీ రాకాను. ముక్కూ కళ్లూ పొడి అయి రాలాయి.

"నీ ఇల్లు కూలిపోనూ!" అంటూ జరీఫ్ నా గొంతు పట్టుకున్నాడు. హాజీ మనుషులే విడిపించారు. హాజీ నాణేన్ని వెలుతురుకు పెట్టి చూసి జరీఫ్ చేతిలో పడేశాడు.

"ఇక కంసాలికి అమ్ముకో. వెళ్లు."

నా ముఖాన ఉమ్మి, ఏడుస్తూ వెళ్లాడు జరీఫ్. వీధి మలుపు దాకా వాడి తిట్లు వినబడ్డాయి. తిట్టనీ, బతికుండి తిడుతున్నాడు. చాలా రోజుల తరవాత నా మీద నాకే ముచ్చటేసింది.

"కూర్చో జీలానీ" అన్నాడు హాజీ. నా కప్పులో ఖావా పోశాడు. "వస్తువు పాడైతే పాడైంది, నీ శ్రమ ఊరికే పోకూడదు. కమీషన్ ఎంత?"

ఒక్కసారి మూతి విరవాలని, నన్ను తిట్టాలని అల్లాను వేడుకుంటూ నోటికొచ్చింది అడిగాను.

"పది లక్షలు, హాజీ సాబ్."

"సరే" అన్నాడు హాజీ, జీపు తాళాలు తీసుకుంటూ.