ఎడమ గొట్టాలు

ఈ ఉదయం డాక్టర్ సంజీవరాయుడి గోడ మీదున్న జంట గొట్టాల తుపాకులన్నిటికీ కుడి గొట్టం మాత్రమే ఉంది. ఎడమ గొట్టాలు లేవు.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని దగ్గరికి వెళ్లి చూస్తాడు. కోసిన గుర్తు లేదు, టంకం ఊడిన గుర్తు లేదు. పన్ను ఊడి మానిపోయిన చోటులా ఇనుము నున్నగా ఉంది.

ఆయన మదనపల్లెలో పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. చుట్టుపక్కల ఎవరి అటక మీద పాత తుపాకి దొరికినా విలువ కట్టడానికి ఆయన్నే పిలుస్తారు. ఆయన తుపాకిని నడుం దగ్గర మడిచి, గొట్టాల్లోంచి కిటికీ వెలుతురును చూస్తాడు. తర్వాత గొట్టాలను కర్ర నుంచి విడదీసి, వేలికి వేలాడదీసి గోటితో మీటుతాడు. టంకం గట్టిగా ఉంటే అవి గంటలా మోగుతాయి, లేకుంటే పగిలిన కుండలా పలుకుతాయి. ఆ మోత కోసమే ఆయన తుపాకులు కొంటాడు. ఒక్క పిట్టను కూడా కొట్టి ఎరగడు.

ఇప్పుడు మిగిలిన గొట్టాలను ఒక్కొక్కటే మీటి చూస్తాడు. ఏదీ మోగదు. పిలవబోయి ఆగిపోయినట్టు ప్రతిదీ "ఓ" అని ఊరుకుంటుంది.

భార్య మంగతాయమ్మ కాఫీ తెచ్చి గోడ వంక చూస్తుంది.

"యాడికి పోయుంటాయి? మీ తమ్మునింటికే పోయుంటాయి."

"వాడింటికి ఎందుకు పోతాయే?"

"మీరు పోరు గదా. ఎవురో ఒకరు పోవల్ల గదా."

ఆ మాటలో ఆయనకు తప్పేమీ కనబడదు. కాఫీ తాగి చొక్కా తొడుక్కుంటాడు.

తమ్ముడు ఓబులేసుది టమోటా మండీ. తండ్రి పోయాక ఆయన తుపాకి ఓబులేసు ఇంట్లోనే ఉండిపోయింది. దాని విలువ తెలిసింది తనకు కాబట్టి తనకే రావాలన్నాడు సంజీవరాయుడు. నాయన మంచంలో ఉన్నన్నాళ్లూ పక్కనున్నది తాను కాబట్టి ఇచ్చేది లేదన్నాడు ఓబులేసు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆ ఒక్క తుపాకి లేని వెలితికి అన్న ఇన్ని తుపాకులు పోగుచేశాడు. వెలితి అలాగే ఉంది.

తమ్ముడి వీధి ఈ రోజు కొంచెం ఏటవాలుగా ఉంది. సంజీవరాయుడు నిలబడే ఉంటాడు, ఇళ్లే ఆయన పక్కనుంచి వెనక్కి జారుతుంటాయి. ఓబులేసు ఇల్లు రాగానే ఆయన గేటు పట్టుకుని దిగుతాడు.

వాకిట్లో టమోటా క్రేట్లు వరసగా పెట్టి ఉన్నాయి. వాటిలో ఎండుగడ్డి పరచి, ఒక్కో క్రేటులో ఒక్కో గొట్టాన్ని పడుకోబెట్టి దుప్పటి కప్పారు. ఓబులేసు గొంతుక్కూచుని ఒకదానికి నూనె రాస్తున్నాడు.

"తలుపు తీసేసరికి వాకిట్లో ఉన్నాయి అన్నా," అంటాడు తలెత్తకుండా. "సలికి వణకతా ఉన్నాయి. సూస్తా ఊరికే ఎట్లుండేది?"

"తుపాకికి కొబ్బరినూనె రాస్తారేమిరా?"

"నాకేం తెలుసు? పిల్లోళ్లకు రాసేది అదే గదా."

సంజీవరాయుడు కోప్పడదామనుకుని ఒక గొట్టం మీద చెయ్యి వేస్తాడు. అది వెచ్చగా ఉంది, నిద్రలో ఉంది. ఆయన చెయ్యి తీసుకుని గొంతు తగ్గిస్తాడు.

లోపల గోడకు తండ్రి తుపాకి వేలాడుతోంది. దానికి రెండు గొట్టాలూ ఉన్నాయి. ఇనుమూ ఉక్కూ కలిపి పేనిన చారలు వాటి మీద టేకు చెక్కలోని చారల్లా తిరిగి ఉన్నాయి.

"ఇంతదూరం వచ్చినావు. విలువ కట్టు," అంటాడు ఓబులేసు.

"కడితే ఇస్తావా?"

"ముందు కట్టు. ఏం పోగొట్టుకుంటానో తెలియల్ల గదా."

సంజీవరాయుడు గొట్టాలు విడదీసి, వేలికి వేలాడదీసి మీటుతాడు. అవి మోగుతాయి. అంత నిండైన మోత ఆయన ఇంతవరకూ వినలేదు. ఆగాక విలువ చెబుదామని కాచుకుంటాడు. అది ఆగదు. తుపాకిని మళ్లీ బిగించినా ఆగదు. పక్కింటివాళ్లు వచ్చి, పెండ్లి ఎవరిదని అడిగి వెళ్తారు. ఒకరి మాట ఒకరికి వినబడక అన్నదమ్ములు కుర్చీలు జరుపుకుంటూ మోకాళ్లు తగిలేదాకా వస్తారు.

"ఇది ఆగకుంటే విలువ చెప్పలేనురా," అంటాడు అన్న తమ్ముడి చెవిలో.

"నాయన ఎట్ల ఆపుతా ఉన్నెనో?"

"కాలుస్తా ఉన్నెనేమో."

మోగుతున్న తుపాకిని తీసుకుని ఇద్దరూ ఊరి బయట గుట్ట ఎక్కుతారు. ఓబులేసు రెండు తూటాలు వేస్తాడు. సంజీవరాయుడు తుపాకి మడమను భుజానికి ఆనించుకుంటాడు. ఇన్ని తుపాకులు కొన్నా కాల్చడం ఇదే మొదటిసారి. వీపు మీద తమ్ముడి అరచెయ్యి ఆనుతుంది.

"దేన్ని కొట్టల్లరా?"

"దేన్నీ వద్దు. పైకి కాల్చు."

ముందు ట్రిగ్గర్ మీద అన్న వేలు, వెనక ట్రిగ్గర్ మీద తమ్ముడి వేలు. ఇద్దరూ ఒకేసారి నొక్కుతారు.

మోత ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలో సంజీవరాయుడికి తన చెవి పక్కన తమ్ముడి ఊపిరి వినబడుతుంది. దాన్ని పోల్చుకోవడానికి ఆయనకు కొంచెం సేపు పడుతుంది.

గొట్టాల్లోంచి వచ్చిన పొగ పైకి పోదు. కిందికి దిగి, బోదగడ్డి మీద మనిషంత పొడుగున వెల్లకిలా పడుకుంటుంది.

"ఇప్పుడు చెప్పు," అంటాడు ఓబులేసు.

"మోసి సూడల్ల. బరువు తెలియకుండా ఏమని చెప్పేది?"

అన్న తలవైపు పట్టుకుంటాడు, తమ్ముడు కాళ్లవైపు. పొగను భుజాల మీదికి ఎత్తుకుంటారు. అది తడిసిన పరుపంత బరువుంది. తుపాకి బోదలోనే ఉండిపోతుంది. తీసుకోవడానికి ఇద్దరి చేతులూ ఖాళీగా లేవు.

వీధిలో జనం చెప్పులు విడిచి పక్కకు తప్పుకుంటారు. అంగళ్లవాళ్లు షట్టర్లు సగానికి దించుతారు.

"అన్నా, భుజం మార్చుకుందామా? నొప్పి పుడతాంది గదా నీకు."

"పుట్టనీలే. మెల్లగా నడువు. నాయన నిద్రపోయినాడు."

పొగ సన్నగా గుర్రు పెడుతోంది. దాని జుట్టు కిందికి జారి తారు రోడ్డును తాకుతున్న చోటల్లా పచ్చగడ్డి మొలుస్తోంది. వాళ్ల వెనక, వీధిలో ఇళ్లు ఒక్కొక్కటే ముంగాళ్లు మడిచి వంగి, ఆ గడ్డిని మేయడం మొదలుపెడతాయి.