ముసలమ్మ గుహలో పసుపు పెట్టె

లారీ టార్పాలిన్ అంచుకు తాడు దూర్చే ఇత్తడి కళ్ళు బిగిస్తున్న అక్క, తమ్ముడు చూపించిన ఫోను చదివి సుత్తి పక్కన పెట్టింది. పెట్టకపోతే ఆ ఫోను మీదే పడేది.

తమ్ముడు పర్యాటక శాఖ ఆఫీసులో పనిచేస్తాడు. ఇంట్లో అందరూ బొంగరం అంటారు. తాడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ కోసం తిరుగుతాడు మరి. వాళ్ళ ఆఫీసు కొత్తగా పెట్టెల వేట అనే ఆట మొదలుపెట్టింది. కొండల్లో చిన్న పెట్టెలు దాచి, ఒక్కోదానికి ఓ పాత కథ తగిలించి, చోటు గుర్తు ఫోనులో పెడతారు. జనం ఆ గుర్తు పట్టుకుని వెతకాలి. పెట్టె దొరికితే లోపలి కాగితం మీద పేరు రాసి, మళ్ళీ అక్కడే పెట్టి రావాలి. రేపు ఆదివారమే ప్రారంభం.

"మొదటి పెట్టె మన నాయనమ్మ కథదే అక్కా!" అన్నాడు బొంగరం, పళ్ళన్నీ బయటపెట్టి.

ఫోనులో ఉన్నది ఇది: 'గుడ్డి ముసలమ్మ తన నిధిని గుహ కప్పుకు వేలాడదీసింది. టార్చి తెచ్చుకోండి. చివరిదాకా వెళ్ళండి. నిధి మీదే!'

నిధి లేదు, బొంద లేదు. నాయనమ్మ చెప్పిన ముసలమ్మకు ఉన్నదల్లా సంతానం. ఉయ్యాలలు చాలక పిల్లల్ని కప్పుకు వేలాడదీసుకుంది. ఏం దాచిందో చూద్దామని ఓ పెద్దమనిషి దివిటీతో లోపలికి పోయాడు. వెలుగు తగిలి పిల్లలు జారిపడ్డారు. అందుకే ఎండలు ముదిరింది మొదలు తొలి వాన పడేదాకా ఆ గుహలోకి దీపంతో పోకూడదు. ఇదీ కథ. ముసలమ్మ పిల్లలంటే గబ్బిలాలని ఆ ఇంట్లో పాలు మరవని పిల్లకు కూడా తెలుసు. ఎండాకాలంలో తల్లులన్నీ అక్కడికి చేరి కంటాయి. అవి బెదిరి లేస్తే, పట్టు తప్పిన పిల్లలు కింద రాలతాయి. కింద పురుగులు కాచుకుని ఉంటాయి. తెలియనివాడు చేస్తే తప్పు. తెలిసినవాడు చేస్తే ద్రోహం.

"చివరి మాట ఏదిరా?"

"ఆఫీసరు తీసేయమన్నాడక్కా. 'పోవద్దు' అని రాస్తే ఎవడొస్తాడు అన్నాడు."

"తీసేయమంటే తీసేశావు! రేపు తలకాయ తీసి బల్ల మీద పెట్టమంటాడు. పెడతావా?"

"పెట్టె పెట్టింది చలికాలంలో. అప్పుడు లోపల ఒక్కటీ లేదు. ఒట్టు."

"ఇప్పుడున్నాయిగా! పోయి పట్టుకురా."

"చీకట్లో ఎలా అక్కా? టార్చి వెయ్యొద్దా?" అన్నాడు బొంగరం. అక్కకూ అప్పుడే తట్టింది. పెట్టె తేవాలంటే లోపలికి పోవాలి, టార్చి వేయాలి. ఏ పాపం ఆపాలో ఆ పాపమే చేయాలి.

"ఫోనులో గుర్తు మార్చెయ్."

"అది ఆఫీసరే మార్చాలి. సోమవారం దాకా ఫోనెత్తడు."

"నువ్వు ఫోను చేసి చూశావా?"

బొంగరం నేల చూశాడు. "పోనీ, గుహకు అడ్డంగా నీ టార్పాలిన్ ఒకటి కట్టేద్దామా?" అన్నాడు.

"కట్టు! సాయంత్రం అవి మేతకు ఎలా పోతాయి? తలుపు కొట్టి నిన్ను పిలుస్తాయా?"

ఆదివారం పొద్దున్నే అక్క తన ఇత్తడి కళ్ళ డబ్బా ఖాళీ చేసి, అందులో ఓ కాగితం, పెన్సిలు వేసుకుని కొండెక్కింది. డబ్బాను గుహ బయటి రాళ్ళ సందులో దూర్చింది. వెతికేవాడికి కావలసింది పెట్టె. దొరికితే దారి పడతాడు.

పడ్డారు కూడా. మొదట వచ్చిన భార్యాభర్తలూ, వాళ్ళ పిల్లలూ డబ్బా చూసి గంతులేసి, పేర్లు రాసి దిగిపోయారు. తర్వాత నెత్తికి లైటు కట్టుకున్న ఓ పెద్దమనిషి ఇద్దరు స్నేహితులతో వచ్చాడు. డబ్బా ఊపి చూసి పెదవి విరిచాడు.

"ఇది కాదు. ఫోనులో ఉన్న ఫోటోలో పసుపు పెట్టె ఉంది. లోపలే ఉంటుంది."

అక్క లేచి గుహ నోటికి అడ్డంగా నిలబడింది. "లోపల పిల్లలున్నాయి. పోవద్దు."

"ఎవరి పిల్లలమ్మా?"

"ముసలమ్మవి."

ముగ్గురూ పగలబడి నవ్వారు. "ఆ కథ మేమూ చదివాంలే."

"సగం చదివారు. మిగతా సగంలో నీలాంటివాడే ఒకడున్నాడు, చేతిలో దివిటీతో."

"మీరు ఆఫీసు మనిషేనా?"

"కాదు."

"అయితే జరగండి." ఆమె భుజం మీదుగా తల లోపలికి పెట్టి, లైటు వేసి, "ఓయ్ ముసలమ్మా!" అని కేకేశాడు.

కొండ కడుపులో సంత లేచినట్టయింది. రెక్కలు, రెక్కలు. ఆ గోలలో ఒక చిన్న చప్పుడు, తడిగుడ్డ జారిపడినట్టు. గుహ నోటి దగ్గరే, పగటి వెలుగు అందిన చోట నేల మీద వెంట్రుకైనా మొలవని పిల్ల ఒకటి, ముడుచుకున్న రెక్కలతో గింజుకుంటోంది.

ఆటగాళ్ళ కోసం నీళ్ళ సీసాలు మోసుకుని అప్పుడే పైకొచ్చిన బొంగరం దాన్ని చూశాడు. సీసాలు చేతిలోంచి జారి వాలున దొర్లిపోయాయి.

"ఆఫీసువారేగా?" అన్నాడు పెద్దమనిషి, అతని ఆఫీసు టోపీ చూసి. "పెట్టె లోపలుందని ఈవిడకు చెప్పండి."

బొంగరం చేయి చాచి, పెద్దమనిషి నెత్తి మీది లైటు ఆర్పేశాడు. "ఉంది. నేనే పెట్టాను. ఎవరూ పోవడానికి లేదు."

"మీ ఆఫీసరుకు ఫోను చేస్తాను!"

"చెయ్యండి. ఎత్తితే నాకూ ఇవ్వండి. నేనూ మాట్లాడాలి."

పెద్దమనిషి తిట్టుకుంటూ దిగిపోయాడు. స్నేహితులు తలలు వంచుకుని వెంట నడిచారు. బొంగరం గుహలోకి వంగి చేయి చాచబోయాడు.

"దాన్ని పైకి..."

"ఎక్కడ పెడతావు? దాని తల్లి ఏదో చెప్పు! చేతులు కాలాక ఆకులు పట్టుకుంటాడట!"

అతను చేయి వెనక్కి తీసుకున్నాడు. లోపల పిల్ల గింజుకోవడం మానేసింది. నేల మీద పురుగులు కదిలాయి. అక్క చూపు తిప్పుకోలేదు, తమ్ముణ్ణీ తిప్పుకోనివ్వలేదు.

చాలాసేపటికి బొంగరం టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని ఆమె పక్కన కూలబడ్డాడు.

"కోపం పోలేదా అక్కా?"

"తొలి వాన పడనీ. మిగిలినవాటికి రెక్కలు రానీ. అప్పుడడుగు."

కింద దారిలో మరో జట్టు ఫోను చూసుకుంటూ ఎక్కుతోంది. అక్క అతని భుజం పట్టి లేపింది.

"లే. ఈసారి కథ నువ్వు చెప్పు. చివరిదాకా చెప్పు."