మీటకు చుట్టిన ట్యూబు

వాన తగ్గేదాకా ఆగుదామన్నందుకు మేస్త్రీ తమ్ముణ్ణి చెంప మీద కొట్టాడు. తడిసిన చెంప మీద తడిసిన చెయ్యి పడితే చప్పుడు పెద్దగా వస్తుంది. కింద రెమ్మలు ఏరుతున్న తమ్ముడి భార్య తలెత్తింది, వెంటనే దించుకుంది. కొట్టినవాడు పని ఇచ్చేవాడు మాత్రమే కాదు, మొగుడి అన్న. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆయన ముందు ఆమె గొంతు పెగిలింది లేదు.

“ఇక్కడ వాన ఎప్పుడు తగ్గిందిరా? నువ్వు గొడుగేసుకుని కూర్చుంటే ఈ కంచె దానంతటదే క్షవరం చేసుకుంటుందా? ఎక్కు.”

అతను ఎక్కాడు. మనిషి పొడుగు, పనివాళ్ళు అతన్ని నిచ్చెన అనేవారు. నిచ్చెన మీదికి నిచ్చెన ఎక్కుతోందని ఏడిపించేవారు. ఆ నవ్వులో అతనూ కలిసేవాడు. ఇవాళ నవ్వేవాళ్ళెవరూ లేరు. ఎదురుగా రెండంతస్తుల ఇల్లు, ఇంటిచుట్టూ మనిషిన్నర ఎత్తు మొక్కల కంచె, పైన ఆగని వాన. తడికి కంచె పెరుగుతూనే ఉంటుంది. కోసిన వారానికే కొత్త కొమ్మలు గోడ దాటి చూస్తాయి. ఇంటికింత అని, ఈ కంచెల కాంట్రాక్టు ఇచ్చిన కంపెనీ మేస్త్రీకి లెక్క కడుతుంది. రోజుకు ఎన్ని ఇళ్ళు చేసినా మొగుడూ పెళ్ళాలకు కలిపి ఆయన ఇచ్చేది ఆరు వందలు.

ఇళ్ళ సంఖ్య పెంచడానికి మేస్త్రీ ఒక ఉపాయం కనిపెట్టాడు. కంచె కోసే మిషనుకు పిడి కింద ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కినంతసేపే పళ్ళు కదలాలి; వేలు తీస్తే ఆగాలి. ఆ మీటకు మేస్త్రీ సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టాడు. ఇక వేలితో పనిలేదు. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో మిషను చాచి, మాటిమాటికీ దిగి నిచ్చెన జరపకుండా బారెడు దూరం కోసెయ్యవచ్చు.

నిచ్చెన కాళ్ళు బురదలో ఉన్నాయి. ఆమె వచ్చి వాటిని పట్టుకుని నిలబడింది.

“నువ్విక్కడ స్తంభంలా నిలబడితే ఆ చెత్తంతా మీ అమ్మ వచ్చి ఎత్తుతుందా?” అని కసిరాడు మేస్త్రీ.

ఆమె చేతులు తీసేసింది. గోనెపట్టా అందుకుని పది అడుగులు వేసిందో లేదో, వెనక మిషను మోతలో నిచ్చెన జారిన చప్పుడు. తిరిగి చూసేసరికి అతను గాలిలో ఉన్నాడు. నేల మీద ముందు అతను పడ్డాడు. అతని మీద మిషను పడింది. అతను మిషనును వదిలేశాడు. మిషను అతన్ని వదల్లేదు. పళ్ళు లాగును చీల్చాయి, తొడను చీల్చాయి, ఎముక మీద పడి గీపెట్టాయి. అతని కేక ఆ మోతలో కలిసిపోయింది. చేత్తో నెట్టబోతే రెండు వేళ్ళు ఆకుల్లో పడ్డాయి.

ఆమె పరుగెత్తుకొచ్చి పట్టాను రెమ్మలతో సహా ఆ పళ్ళ మీద విసిరింది. మిషను దాన్ని నమిలింది, పీలికలు చేసింది, ఆ పీలికలే చుట్టుకుని మూలిగి ఆగింది. ఆమె తలగుడ్డ విప్పి అతని తొడకు బిగించి కట్టింది. గుడ్డ కట్టినంతసేపు పట్టలేదు, ఎర్రబడడానికి.

“అంబులెన్సుకు ఫోన్ చేశాను!” అని అరుగు మీంచి ఇంటామె అరిచింది.

మేస్త్రీ వచ్చాడు. తమ్ముడి దగ్గరికి కాదు, మిషను దగ్గరికి. మొలలోంచి చాకు తీసి, ట్యూబు కోయడానికి వంగాడు. అప్పుడామెకు అర్థమైంది. మిషనును ఒక్క లాగున లాక్కుని, బురదలో చతికిలబడి ఒళ్ళో పెట్టుకుంది.

“ఇటివ్వు.”

“ఆ ట్యూబు తియ్యొద్దు బావగారూ.”

“ఏంటీ?”

“మీరే కట్టారు. అలాగే ఉండనివ్వండి. నలుగురూ చూడాలి.”

మేస్త్రీ గొంతు తగ్గించాడు. “పిచ్చిదానా, ఇది కంపెనీకి తెలిస్తే నా కాంట్రాక్టు ఊడుతుంది. అందరం రోడ్డున పడతాం. తాగి ఎక్కాడని చెప్పు, చాలు. మిగతాది నేను చూసుకుంటాగా.”

“తాగాడంటే కంపెనీ పైసా ఇవ్వదు. ఈ కాలు తీసేస్తే మీరు పెడతారా మాకు అన్నం?”

“వాడు నా తమ్ముడే! నా రక్తం!”

“ఆ రక్తం అదిగో, అక్కడ కారిపోతోంది. మీరు ముందు వచ్చింది మిషను దగ్గరికి.”

ఆయన ఆమె డొక్కలో తన్నాడు. జుట్టు పట్టి ఈడ్చాడు. ఆమెతోపాటు మిషనూ బురదలో ఈడ్చుకుపోయింది. చాకు పిడితో ఆమె వేళ్ళ మీద కొట్టాడు, ఒకసారి, మరొకసారి. చూపుడువేలు పక్కకు ఒరిగిపోయింది. మిగతావి వదల్లేదు.

“అయ్యో, ఇక్కడొద్దండీ! ఏదున్నా బయటికెళ్ళి చూసుకోండి!” అంది ఇంటామె.

అంబులెన్సు వచ్చింది. గేటు తీసే చప్పుడుకు మేస్త్రీ చాకును వెనక దాచాడు. ఇద్దరు మనుషులు గాయపడినవాణ్ణి స్ట్రెచర్ మీదికి ఎత్తారు.

“ఎలా జరిగింది?” అని వాళ్ళలో ఒకడు అడిగాడు.

“తాగి ఎక్కాడండీ,” అన్నాడు మేస్త్రీ.

“తాగలేదు,” అందామె. వానను మించి వినబడిన ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. “మీట కట్టేసి ఎక్కించారు. ఇటు రండి, చూడండి.”

అంబులెన్సు మనిషి చూడలేదు. “అవన్నీ ఆస్పత్రిలో చెప్పుకోండమ్మా. రక్తం పోతోంది, ఎక్కండి.”

“దీన్నీ ఎక్కించండి.”

“పెట్రోలు మిషనా? కుదరదు. మీరొస్తారా, రారా?”

ఆమె మొగుడి వైపు చూసింది. అతని పెదాలు తెల్లబడ్డాయి. కళ్ళు మాత్రం అన్న వీపు వెనకున్న చేతి మీద ఉన్నాయి.

“నువ్వు రాకు,” అన్నాడు. “దాన్ని వదలకు.”

తలుపు పడింది. అంబులెన్సు కూత సందు చివర మలుపు తిరిగింది. ఇంటామె లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. మేస్త్రీ చాకు బయటికి తీశాడు.

“ఇప్పుడిస్తావా?”

“ఇవ్వను.”

ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె మిషనును ఆయన వైపు తిప్పి, విరగని వేళ్ళతో, ఇంజను నడిపించే తాడు పట్టుకుంది. పళ్ళ మధ్య ఇంకా పట్టా పీలికలున్నాయి. తాడు లాగితే అవి కదులుతాయో లేదో ఆమెకు తెలియదు.

ఆయనకూ తెలియదు. రెండో అడుగు ఎత్తి, అలాగే నిలబడిపోయాడు.