నాలుగో వార్డు హద్దురాయి

నేను ఒక హద్దురాయిని. మోకాలెత్తు నల్లబండను. క్వారీలో నన్ను చీల్చి, ఒక ముఖాన 4, రెండో ముఖాన 5 చెక్కి, నల్లగుట్ట పట్నంలో వాలుగా దిగే ఒక వీధిలో నాటారు. నాకు పైన, గుట్ట వైపు నాలుగో వార్డు. కింద, వాన నీళ్లు పారే వంక వైపు అయిదో వార్డు. గుట్ట మీది ట్యాంకు నీళ్లు నా దాకా వస్తాయి. నాకు కింద ఉన్న ఇళ్లకు వంక పక్క బోరు నీళ్లు. ఈ పట్నం భూగోళంలో నాకు తెలిసింది ఇంతే.

నిలువుగా ఉన్న రాయిని మనుషులు ఊరికే వదలరు. నాటిన ఏడాదే, నాకు పైనున్న మొదటి ఇంటి సుంకులమ్మ ఒక శుక్రవారం కొళాయి నీళ్లతో నన్ను కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టింది. ఆమెను చూసి మరో పది ఇళ్లవాళ్లు పెట్టారు. ఇరవై ఏళ్లలో నా అంకెలు పసుపు కింద కనబడకుండా పోయాయి. నేను దేవుణ్ణి కానని నాకు తెలుసు. అయినా వద్దనలేదు. దండాలు అందుకునేవాళ్లలో వద్దన్నవాళ్లు ఎందరు?

పోయిన వేసవిలో వార్డులను మళ్లీ విభజించారు. అయిదో వార్డులో జనం తక్కువయ్యారట. లెక్క సరిపెట్టడానికి గీతను పదకొండు ఇళ్ల మేర పైకి జరిపారు. కాగితం మీద అది వేలి వెడల్పు కూడా లేదు. ఇక్కడ మాత్రం ఆ పదకొండు ఇళ్లకు గుట్ట నీళ్లు ఆగిపోతాయి. బోరు నీళ్లు అంత ఎత్తుకు ఎక్కవు.

నన్ను పెరికి పైన నాటడానికి సర్వేయరు చిదంబరయ్య వచ్చాడు. వెంట గడ్డపారతో ఓబులేసు. నన్ను చూడగానే ఓబులేసు చెప్పులు విడిచాడు.

"సార్, పసుపు పూసినారు. నేను ముట్టను. ఇంట్లో బిడ్డలుండారు."

"రాయిరా అది!"

"అయితే మీరే పెరకండి సార్."

చిదంబరయ్య గడ్డపార అందుకున్నాడు గానీ, ఎందుకో అతని కాళ్లు కూడా చెప్పుల్లోంచి బయటికొచ్చాయి.

ఇంతలో సుంకులమ్మ బిందెతో వచ్చింది. "అవ్వా, ఇది దేవుడు కాదు," అన్నాడతను.

"నాకు తెలీదా నాయనా? నాటేటప్పుడు చూసినా." అంటూ కొంగుతో పసుపంతా రుద్ది కడిగేసింది. ఇరవై ఏళ్ల తర్వాత నా నాలుగు ఎండలో పడింది. సిగ్గేసింది. గర్వంగానూ ఉంది. "సూడు. మీరు చెక్కించిన మాటే. మేము ఇన్నేండ్లు మొక్కినాము. మీ మాట మీద మీకే భక్తి లేకపాయనా?"

ఆమె మిగిలిన నీళ్లు నా మొదలు దగ్గర కుమ్మరించింది. అవి వంక వైపు పారాయి.

"ఈటిని పైకెక్కించు. రాయిని నేనే పెరికిస్తా."

అతను ఆ తడి జాడను చాలాసేపు చూశాడు. పుస్తకంలో 'వాలు ఉన్నది' అని రాసుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

కొత్త పటం అచ్చయింది. అందులో నేను లేను. గుట్ట మీది వాల్వు తిప్పే మనిషి మాత్రం ఆ పటం ఇంకా చూడలేదు. రోజూ తెల్లారి నా దాకా నీళ్లు వస్తున్నాయి. సుంకులమ్మ మళ్లీ పసుపు రాస్తోంది, ఈసారి అంకెను వదిలేసి. ఏది భక్తో, ఏది మొండితనమో నాకు తెలియదు. పెరకాలనుకున్నవాళ్లు రండి. నేను ఇక్కడే ఉంటాను. వచ్చేటప్పుడు పైకి పారే నీళ్లు ఒక బిందెడు తెచ్చుకోండి.